కొత్త బడి పేరు

బుధవారం మూడింటికి
తండయార్‌పేట ఆఫీసు మేడమీద గదిలో కూర్చుంటాం.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయి,
ఆపితే మేం ఉడికిపోతాం.
అందుకని ఒక్కో ఫైలు మీద ఒక స్టీలు గ్లాసు.

స్టాన్లీ ఆస్పత్రి నర్సు పొన్మణి చదువుతుంది:
పోయిన నెల మణికట్టు, అంతకుముందు పక్కటెముక.
రెండుసార్లూ మెట్ల మీంచి జారానంది.

వీధి వీధీ తిరిగే గ్రేసమ్మ తలెత్తుతుంది:
"ఆ ఇంటికి మెట్లు లేవే."

కాసేపు ఫ్యాను చప్పుడే.

ఎస్సై కయల్విళి రిజిస్టరు తిప్పుతుంది.
అదే నంబరు నుంచి మూడు ఫోన్లు,
మాట పుట్టకముందే తెగినవి.
మూడూ శనివారం రాత్రులే.
శనివారం కూలి ముట్టే రోజని ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను తెలుగు మీడియం బళ్లో గుమస్తాని.
నా వంతు హాజరు పట్టీ.
నాలుగో తరగతి పిల్ల, పేరు ఇక్కడ రాయను,
సోమవారాలు రాదు.
వచ్చిన రోజు మధ్యాహ్నం గుడ్డు తినదు,
లంగా కుచ్చిళ్లలో దాచుకుంటుంది.
తమ్ముడికేమో అనుకున్నాను.
అమ్మకట. ఇంట్లో బియ్యం డబ్బాకి తాళం.

ఎవరి ముక్క వాళ్ల దగ్గరున్నన్నాళ్లూ
కాలు జారడం, పొరపాటున నొక్కిన నంబరు,
సోమవారం జ్వరం.
బల్ల మీద పక్కపక్కన పెట్టేసరికి
తలుపుకి అడ్డంగా ఒక మగాడు నిలబడ్డాడు.

అయితే, చెప్పడం మంచిదేనని నాకు నూరిపోయకండి.
చెప్పడం ఏం చేస్తుందో నాకు తెలుసు.

ఆరేళ్ల కిందట మా ఆఫీసు కిటికీ దగ్గరికి ఒకాయన వచ్చాడు.
ఇస్త్రీ చొక్కా, నుదుట విబూది, చేతిలో రస్కుల పొట్లం.
"మా పాప బడి మారిందంట సార్,
రేపు పుట్టినరోజు, గౌను కొన్నా."
తెలుగులో అన్నాడు.
ఈ ఊళ్లో మన మాట చెవిన పడితే
లోపల ఏదో మెత్తబడుతుంది నాకు.
తండ్రే కదా.
టీసీ పుస్తకం తీసి, వేలు పెట్టి చదివి,
కొత్త బడి పేరు చెప్పాను.
ఏ బస్సెక్కాలో చెప్పాను.
ఎక్కడ దిగాలో కూడా.

ఆ తల్లి బతికింది.
ఎడమ చెవి వినపడదు.
అసలు గౌను ఉందో లేదో
ఇప్పటికీ తెలీదు.

అందుకే ఈ గదిలో నాది నస.
ఈ మాట ఆమెకి చెప్పే చెబుతున్నామా?
ఈ కాగితం ఏ సొరుగులోకి పోతుంది,
ఆ సొరుగు తాళం చెవి ఎవరి మొలతాడుకుంది?
రేషన్ కార్డు మారిస్తే మెసేజ్ ఎవరి ఫోనుకి పోతుంది?
టీ కుర్రాడు లోపలికొస్తే
అందరం క్రికెట్ గురించి మాట్లాడతాం.
మొదట్లో నవ్వేవారు.
ఇప్పుడు పొన్మణే నాకంటే ముందు అడుగుతోంది.

ఆమె ఒక తారీఖు చెప్పింది. తనే ఎంచుకుంది.
ఆ రోజు ఆటో మేం అనుకున్నదానికంటే
నలభై నిమిషాలు ఆలస్యం.
ఆ నలభై నిమిషాల గురించి రాయడం చేతకాదు నాకు.

సోమవారం కిటికీ దగ్గర ఒకాయన నిలబడ్డాడు.
పొట్లం లేదు, విబూది లేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.
"ఏ బడికి పోయిందన్నా నా కూతురు?"
మన మాటే. అన్నా అని కూడా అన్నాడు.

తెలుసు నాకు. బడి పేరు, బస్సు నంబరు,
గేటు పక్కన జామకాయలమ్మే ముసలామెతో సహా.

"తెలీదు" అన్నాను.

మెత్తబడేది మెత్తబడుతూనే ఉంది లోపల.
దాని పని దాన్ని చేసుకోనిచ్చి
ఆయన సందు తిరిగాక ఫోను తీశాను.
పొన్మణికి, గ్రేసమ్మకి, కయల్విళికి
ఒకటే మాట:
వచ్చాడు. ఇప్పుడే.
కాళ్లకి చెప్పుల్లేవు.
రైల్వే గేటు వైపు పోయాడు.