యాడ ఎక్కింది?

పదహారేండ్ల సంది నా నోట్ల ఒకటే మాట,
యాడ ఎక్కినవ్, యాడ దిగుతవ్.
దేవరకద్ర, మరికల్, నారాయణపేట.
చిల్లర సంచి పట్టీ రాసి రాసి
భుజం మీద నల్లటి గీత పడ్డది.
దాన్ని కూడా లెక్కేస్తే
నా ఒంటి మీది మొదటి నగ అదే.

పేటల బంగారం దుకాణం పిలగాడు
తెల్లటి లైటు కింద ట్రే తెరిచిండు.
అలవాటు చొప్పున అడిగిన,
ఇది యాడ ఎక్కింది?
"బొంబాయిల, అక్కా."
బొంబాయికి ముందు?
వాడు నవ్విండు.
"నగకు టికెట్ కొడ్తవా ఏంది?"

కొట్టాలె మరి.
మా ఊరి గుట్టను
పలకలు పలకలుగ కోసి లారీల ఎక్కించిన్రు.
ఎవరింట్లనో అది నున్నటి గచ్చు.
మాకు మిగిలింది నీళ్లు నిండిన గుంత,
అండ్ల పడి రెండోనాడు తేలిన సాయిలు బర్రె.
మెరిసేదాని ఎనక ఏముంటదో
నాకొకరు చెప్పనక్కర్లేదు.

అందుకే నా డబ్బా చిన్నది.
బిస్కెట్ల రేకు డబ్బా, మూత సరిగ పట్టదు.
అండ్ల ఉసేనమ్మ అవ్వ కాలి కడియం ఒక్కటే ఉన్నది,
ఇంకోటి చెల్లె దగ్గర.
కరిగిచ్చి పట్టీలు చేపిద్దామన్నది చెల్లె.
మోనప్పాచారి దాన్ని అరచేతిల తూచి
లోపల అరిగిన చోట బొటనవేలు ఆనిచ్చి
"ఈ వంపు మీ అవ్వ మడమ తీసింది,
నా సుత్తికి రాదు" అని
చింతపండుతోని తోమి ఇచ్చిండు, కూలి తీస్కోలే.
పీర్ల పండుగకు
ఇద్దరం రెండు ఊర్లల్ల
ఒంటికాలి కడియంతోని కుంటుకుంట నడుస్తం.

ఒక్కసారి తప్పిన. దాచుడెందుకు.
పదకొండు నెలలు స్కీము కట్టి
మిషన్ల కోసిన పువ్వుల ఉంగరం కొన్న.
నాలుగు నెలలకు బస్సులనే రాయి రాలింది.
సీట్ల కింద ఫోన్ లైటు ఏసి దేవులాడితే
పల్లి పొట్టు దొరికింది.
వాపసిస్తే బిల్లు మీద రాసిన్రు, తరుగు.

తరుగంటే
ఆచారి ఆకురాయి కింద లేచి
చాపల జొచ్చి, చీపురుకంటి, వానకు మోరిల కలిసే బంగారం.
ఆ మోరి మన్ను ఎత్తేది సవారమ్మ,
ఆ బజార్ల జల కడిగేటోళ్లల్ల ఆఖరి మనిషి.
మూడేండ్లు ఆమె దగ్గర
జొన్నగింజంత, జొన్నగింజంత కొన్న.
విరిగిన కమ్మ తునకతోని కలిపి
ఆచారి ముక్కుపుల్ల చేసిండు.
దీనికోసం ఎవరూ ఏ గుట్టా తవ్వలే అని
అద్దం ముంగట నిలబడి
కొంచెం పొగరుగనే ఊపిరి పీల్చిన.

ఎండకాలం, పగటి బస్సు.
సవారమ్మ గోనెసంచి మన్నుతోని ఎక్కింది.
ఆడోళ్లకు జీరో టికెట్, చింపి ఇచ్చిన.
అందుకునే వేళ్లు వణికినయి,
టికెట్ జారి కింద పడ్డది.
"పాదరసం," అన్నది, వాన రాలేదన్నట్టు.
"బంగారాన్ని పట్టిచ్చేది అదే గద బిడ్డా.
కాలిస్తే పొగ యాడికో ఓ కాడికి పోవాలె."
నా ముక్కు దిక్కు చూసి
మంచిగున్నదన్నది.

మరికల్ దాక నా నోట మాట రాలే.
ఎవరో బస్సాపమని అరుస్తున్నరు.

ఆచారిని అడిగిన, వేరే తోవ లేదా అని.
అతుకులకు వాడే వెలిగారంతోని
కొందరు చేస్తరని ఇన్నడంట, చేసి చూడలేదంట.
"ఐతే ఐతది, లేకుంటే లేదు" అని
ఒక పొట్లం కట్టిచ్చిండు.

ఈ నెల డబ్బాల నగ ఏం చేరలే.
కడియం పక్కన
కాగితం పొట్లం, తెల్లటి పలుకులు.
పొద్దుగాల డ్యూటీకి తీస్కపోతున్న,
ఆమె ఎక్కే స్టాపు నాకు తెలుసు.