అరుగుదల లెక్క

కిడ్డర్‌మిన్‌స్టర్ తివాచీల మిల్లులో
మూడో నంబరు మగ్గం దగ్గర
నూలుకి దారి చూపే ఇత్తడి కొక్కెం
మళ్ళీ తెగింది.
కోసింది కత్తి కాదు, ఉన్ని.
గొర్రె ఒంటి మీద పుట్టిన మెత్తనిది
తొమ్మిది నెలలు ఒకేచోట రాసుకుంటూ పోయి
వెంట్రుకంత గాడి చేసి, ఆ గాడిలో ఇంకో గాడి చేసి.

టింబ్రెల్ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి
అరిగిపోయిందన్నాడు.
మా తెలుగులో ఇదే మాట అన్నానికీ వాడతామని చెప్పాను.
కాసేపు ఆలోచించి
"అయితే మన ఉన్నికి ఇత్తడి బాగా ఒంటబట్టిందన్నమాట."

నేను తెప్పించిన కొత్త కొక్కేలు నలభై.
లోపల ప్లాస్టిక్, పైన క్రోమియం.
అరచేతిలో పెడితే
బరువు ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టున్నాయి.
ఆయన గోటితో కొట్టి చూశాడు.
ఇత్తడి ఖంగుమనేది. ఇది టక్కుమంది.
పైన పటారం, లోన లొటారం,
సామెత నా నోటిదాకా వచ్చింది, మింగేశాను.
కొనమని సంతకం పెట్టింది నేనే కదా.

వాల్సాల్‌లో పూతపని చూసొచ్చాను.
నునుపు ప్లాస్టిక్‌కి లోహం అంటదు.
ముందు ఆమ్లంలో ముంచి
ఒళ్ళంతా సూదిమొన పట్టని గుంటలు చేస్తారు.
ఆ గుంటల్లో వేళ్ళు దిగేలా రాగి, నికెల్,
చివర్న ఈ నీలిమెరుపు,
ఉల్లిపొర కంటే పలచన.
ఇదంతా చెబుతుంటే టింబ్రెల్ వినలేదు.
పాత కొక్కేన్ని గుడ్డలో చుట్టి సొరుగులో దాచాడు,
పన్ను ఊడిన పిల్లాడిలా.

బిగించేటప్పుడు స్పానర్ జారి
ఒకదానికి మాత్రం పొట్టు రేగింది.
అంచు బ్లేడులా లేచి నా వేలు తెగింది.
చూశావా అన్నట్టు చూశాడు గానీ
ప్లాస్టర్ తెచ్చి అంటించింది ఆయనే.

మే నెలలో, ఏడు వారాల సెలవు తర్వాత
చేతికర్రతో వచ్చాడు.
తుంటి మార్చారట.
లోహపు బంతి, దాన్ని పట్టుకుని ప్లాస్టిక్ గిన్నె.
"రెండూ లోహమే పెట్టొచ్చు కదా అన్నాను డాక్టరుతో.
ఒకదాన్నొకటి తినేస్తాయంది."
ఇంకేం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మూడో మగ్గం దగ్గర ఆగి
కొక్కెం మీద బొటనవేలు నడిపాడు.
గాడి లేదు.
కళ్ళజోడు తీసి, మళ్ళీ నడిపాడు.
ఎర్ర ఉన్ని దాని మీంచి
ఏమీ ఎరగనట్టు జారిపోతోంది.

తర్వాత, ఎవరూ చూడట్లేదనుకుని,
తన తుంటి మీద గోటితో
ఒక్క దెబ్బ కొట్టి
తల వంచి విన్నాడు.