మూడో ట్రంపెట్

గ్రిమ్స్‌బీలో మంగళవారం రాత్రి.
చర్చి వెనక హాల్లో హీటరు
నాణెం మింగితేనే వెలుగుతుంది,
ఈ వారం వంతు నాది.

చేపల లారీ దిగి నేరుగా వచ్చాడు క్లైవ్.
తన ట్రాంబోను ఊదితే కూడా
నీచువాసనేనంటాడు.
పెళ్ళిళ్ళలో డబ్బులకి వాయించే మోయ్రా
ఇక్కడికి ఊరికే వస్తుంది.
అక్కడెవరూ వినరట.

నా కాగితం నిండా ముప్పైరెండు బార్ల మౌనం,
చివర నాలుగు స్వరాలు.
తొడ మీద చిటికెన వేలి నుంచి మొదలెట్టి
తెలుగులోనే లెక్కపెడతాను.

ఇరవయ్యారు దగ్గర హీటరు ఆరింది.
ఎవరూ ఆగలేదు.
జేబులో చిల్లర తడుముకుంటూ
లెక్క తప్పాను.

శాక్సోఫోను పెదాల మీంచి తియ్యకుండానే
మోయ్రా కనుబొమ్మ ఎగరేసింది:
ఇప్పుడు.

నాలుగూ పలికాయి.
మూడోది కాస్త కీచుగా.