సగం సీసా

బహియా బ్లాంకా దాటకముందే సిమోన్ అడిగాడు
"ఇంకెంత దూరం?"
తొమ్మిదివందల కిలోమీటర్లంటే
నాలుగేళ్ళవాడికి ఏం తెలుస్తుంది?
"రెండు నిద్రలు" అన్నాను.
కళ్ళు గట్టిగా మూసి, తెరిచి
"ఒకటయిపోయింది" అన్నాడు.

పక్కసీట్లో ఎవరిస్తో మాతే ఆకు మీద వేణ్ణీళ్ళు పోస్తున్నాడు.
ఫ్లాస్కు మూత ఎప్పట్లాగే కారుతోంది.
రాత్రి ఫోన్లో పొరుగింటి ఎల్విదియా
"రాదలుచుకుంటే ఆదివారం దాకా ఆగకు" అంది.
ఆ మాటని పిల్లల కొలతకి కత్తిరించి
"తాతకి కాస్త నలతగా ఉంది" అని తొడిగాం.

ఈ దక్షిణపు రోడ్డుకి ఒంపులుండవు.
దూరాన లారీ కనబడ్డాక
అది మనల్ని దాటిపోయేలోపు
ఒక కథ చెప్పెయ్యొచ్చు.
చెప్పాను.
మా నాన్న రోజుకి నూటపాతిక గొర్రెల్ని
ఒక్కోదాన్నీ మోకాళ్ళ మధ్య కూచోబెట్టుకుని
చంటిపిల్లకి చొక్కా విప్పినట్టు
ఉన్నంతా ఒక్క ముక్కగా ఒలిచేవాడని.
"గొర్రెకి నొప్పెయ్యదా?" అంది మైలెన్.
"చలేస్తుంది, అంతే."

సిమోన్ నాలుగోసారి నిక్కరు పట్టుకున్నందుకు ఆగాం.
వాణ్ణి గాలికి వీపు తిప్పి నిలబెట్టడం ఎవరిస్తో పని.
అక్కడొక ఇటుకల గూడు, నా నడుమెత్తు కూడా లేదు.
చుట్టూ వందల నీళ్ళ సీసాలు
కొన్ని ఎండకి పగిలి, కొన్ని పాచిపట్టి.
"ఇవన్నీ ఎవరివి?"
బీడునేలలో దాహంతో ప్రాణం విడిచిన తల్లి,
ఆమె రొమ్ము చీకుతూ బతికే దొరికిన బిడ్డ.
ఈ వారం చెప్పకూడని కథ.
చెప్పేశాను.
"చచ్చిపోయాక కూడా దాహమేస్తుందా?"
గాలి హోరుకి వినబడనట్టు నటించాను.
ఏడేళ్ళది, నా నటన ఎరుగును.
కారు దగ్గరకెళ్ళి తన సీసా తెచ్చింది.
సగమే ఉంది.
మూత బిగించి, మిగతావాటి సరసన నిలబెట్టి,
పడిపోతుందేమోనని రెండు రాళ్ళు ఎగదోసింది.
ఆ తర్వాత నూటయాభై కిలోమీటర్లు
మంచినీళ్ళని ఒక్కసారీ అడగలేదు.

రాత్రి పెట్రోలు బంకు వెనకాల గది.
పళ్ళపొడి కోసం సంచి వెతికితే
అడుగున, నేను సర్దని బట్టలు:
పిల్లల ముదురు స్వెటర్లు, నా నల్ల లంగా.
ఎవరిస్తో అటు తిరిగి పడుకునున్నాడు.
జిప్పు చప్పుడు కాకుండా మూసేశాను.
అతనికి మెలకువే అని నాకు తెలుసు.

తెల్లారాక తారు అయిపోయి కంకర మొదలైంది.
కంచె దూకబోయి వెనకకాలు ఇరుక్కున్న గ్వానాకో ఒకటి,
చచ్చి చాలా రోజులైంది.
"అటు చూడండి, ఉడుం!" అన్నాను
అటుపక్కకి చెయ్యి చూపించి.
ఉడుం లేదు.
మైలెన్ నేను చూపించిన వైపు చూడలేదు.

నాన్న నన్ను పోల్చుకోలేదు.
గడ్డం ఎవరో గీశారు, చెంప మీద చిన్న గాటు.
దుప్పటి మీద చేతులు మాత్రం ఊరుకోవు.
ఎడమచెయ్యి దేన్నో అదిమిపట్టి ఉంది,
కుడిచెయ్యి పొడుగ్గా, మెత్తగా
పొట్ట నుంచి మెడ దాకా పోతోంది.
"తాత ఏం చేస్తున్నాడు?"
"పనిలో ఉన్నాడు."

గుటకపడటం నిన్నటితో ఆగిందట.
ఎల్విదియా గాజుగుడ్డ నీళ్ళలో ముంచి
పెదాలకి అద్దుతోంది.
మైలెన్ చెయ్యి చాపింది.
నేను వద్దనేలోపే గుడ్డ దాని చేతిలో ఉంది.
ఎక్కువ ముంచింది. సరిగ్గా పిండలేదు.
ఒక బొట్టు గడ్డం మీంచి జారి
మెడ గుంటలో ఆగింది.
అప్పుడు కదిలింది ఆయన నాలుక,
ఎండిన పెదవంచు దాకా వచ్చి
తడిని వెతుక్కుంది.

నా కూతురు నా వైపు తిరిగింది,
మొహమంతా వెలుగు.
"అమ్మా! తాతకింకా దాహమేస్తోంది!"

సిమోన్ బూట్లతోనే సోఫాలో పడి నిద్రపోయాడు.
వాడి లెక్కలో ఇది మూడోది.