రెన్యువల్

సూర్యాబాగ్‌లో మెట్ల కింద నా షాపు,
తొమ్మిదడుగులు బై ఏడు.
గోడకి లైసెన్సు. ఫ్రేములో చెద దూరి
సంతకాన్ని తినేసి తేదీని వదిలేసింది,
ఆ తేదీ ఎలాగూ మార్చిలోనే పోయింది.

తనిఖీకొచ్చిన హైమవతి గారు
టీ వద్దన్నారు, కుర్చీ తుడవబోతే వద్దన్నారు.
రిజిస్టరు తిప్పుతూ
"ఈ పొట్నూరు గవర్రాజు ఎవరు?"
మా కుర్రాడేనండీ, మూడేళ్లు చేశాడు, మానేశాడు.
"మరి అతని చేతికి తెలిసిన నంబర్లు?"

చేతికి తెలిసిన నంబర్లు.
నిజమే. నోటితో అడిగితే తడుముకుంటాం,
పెట్టె ముందు నిలబెడితే వేళ్లు నొక్కేస్తాయి.
సీతమ్మధారలో ఏ ఇంటి పెరటి గడియ పడదో
లాసన్స్ బేలో ఏ కుక్క ఉత్తుత్తినే గుర్రుమంటుందో
దొండపర్తి డాక్టరుగారి బీరువా ఏ గదిలో ఉందో
పట్టపగలు, నిచ్చెన మీద నిలబడి,
వాళ్లిచ్చిన మజ్జిగ తాగుతూ చూసినవాళ్లం.

ఇన్నాళ్లూ ఆ కాగితాన్ని తిట్టుకున్నాను.
పోలీసు వెరిఫికేషనుకి నాలుగు తిరుగుళ్లు,
వేలిముద్రలకి ఒక పూట,
చలానాలో ఇంటిపేరు తప్పుపడితే మళ్లీ మొదటికి.
దొంగకి లేని లైసెన్సు నాకెందుకని
బ్యాంకు క్యూలో అంటే అందరూ నవ్వారు కూడా.

ఆవిడ లేచి, నా తలుపే తీసి చూశారు.
సైరన్ కూయలేదు.
ఉప్పుగాలండీ, కాంటాక్టు తుప్పు పట్టి...
ఏమీ అనలేదు. రాసుకున్నారు.
పెన్ను ఇంత చప్పుడు చేస్తుందని నాకు తెలీదు.

పదిహేను రోజులు గడువు.

ఆ సాయంత్రమే బండి తీశాను. ముప్పై ఎనిమిది ఇళ్లు.
నంబరు మార్చాలమ్మా అంటే
"ఏటి బాబూ, దొంగలు గానీ తిరుగుతన్నారా?"
లేదమ్మా, గవర్నమెంటు రూలు అన్నాను.
పూర్తిగా అబద్ధం కాదు.

పెదవాల్తేరులో ఆఖరి ఇల్లు.
మూత తీసి, ఎందుకో, ఒకటి రెండు మూడు నాలుగు నొక్కాను.
తెరుచుకుంది.
ఫ్యాక్టరీలో పెట్టిన నంబరు. ఆరేళ్లుగా అదే.
గవర్రాజు కాదు,
స్టిక్కరు మీద చేతిరాత నాది.

ఆమె మర్యాదకి అటు తిరిగి నిలబడింది,
నేను నొక్కేది చూడకూడదని.
కాదమ్మా, మీరే నొక్కండి అని
నేను గోడవైపు తిరిగాను.
ఒక బీప్. ఆగింది, ఆలోచిస్తోంది.
మరో రెండు, వెంటవెంటనే.
నాలుగోది వినబడకుండా
దగ్గాను.