ఎడమ చెంప

వల్పరయీసో రేవులో, చేపల కంపు కొట్టే హాల్లో
ఇరవై రెండేళ్లు
ఎలీసియో చెయ్యి, నా చెంప.
రాత్రికి పదకొండు దెబ్బలు, ఆదివారం రెండాటలు.
జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.
తెర పడ్డాక వాడే తడిగుడ్డ తెచ్చేవాడు,
ఒక్క రాత్రీ మర్చిపోలేదు.

ఇప్పుడు వాడు డైరెక్టర్.
నవ్వు కోసం అల్లాడిన గొంతుతోనే
"సైలెన్స్!" అని అరుస్తాడు.
కొండెక్కే లిఫ్టు కూడా జంకి ఆగినట్టుంటుంది.

నాకిచ్చింది ఒక్క సీను. మాటల్లేవు.
పెళ్లాం పోయిన మూడోనాడు
రేవు కూలీ సూప్ తాగాలి, అంతే.
తాగాను. గిన్నె అడుగు కనబడింది.
కట్ అనలేదు.
చెంచా కడిగాను. కట్ అనలేదు.
ఇంకేం చెయ్యాలో తోచక
చెంప తడుముకున్నాను, ఎడమది,
అలవాటు కొద్దీ.

కెమెరా వెనక ఎవడో ముక్కు చీదాడు.

సినిమా విడుదలైన రాత్రి
ఆ చోట హాలంతా గప్‌చుప్.
పక్క సీట్లో వాడు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.
ఒకటి, రెండు, మూడు...
దెబ్బకు ముందు మేం ఎప్పుడూ ఆగింది
మూడు దాకానే.
తొమ్మిది దాటాక
నా చెయ్యి పట్టుకున్నాడు.
వాడి చెయ్యి చల్లగా ఉంది,
తడిగుడ్డలా.