బండి ర

రాత్రి ఎనిమిదిన్నర. లాలాగూడ రైల్వే క్వార్టర్‌లో
కుక్కర్ మూడో విజిల్ అయ్యాక
చాప పరుస్తాం.
కెజియా బడిలో తెలుగు లేదు.
దానికి అఆలు వచ్చింది ఈ బైబిల్లోనే.
మా అమ్మ వేలు అరగదీసిన వరసల మీద
ఇప్పుడు దాని వేలు, తడబడుతూ.

'గొఱ్ఱె' దగ్గర ఆగిపోయింది.
"ఇదేం అక్షరం నాన్నా?"
"బండి ర. ఇప్పుడెవరూ రాయరు."
"మరి దేవుడు రాస్తాడా?"
తాలింపు వేస్తూ సలోమి కిసుక్కుమంది.

ఒక్కటి తప్పిపోతే తొంభైతొమ్మిదింటిని వదిలి
వెతకబోయిన కాపరి కథ.
ఊడిన పంటి సందులోంచి అడిగింది:
"మరి మిగతావాటికి భయం వెయ్యలేదా?"

వర్క్‌షాపులో ఏ బేరింగు అరిగిందో
చెవితోనే చెప్పేస్తాను.
దీనికి జవాబు తెలీలేదు.
తెలీదనే చెప్పి, లైటార్పాను.

గురువారం వాన. స్కూలు వ్యాను రాలేదు.
నాలుగేళ్ల ఓబేదుని ఖైసర్ ఆపా గడపలో దింపి
మోకాలిలోతు నీళ్లలో
ఆలుగడ్డబావి దాకా పరుగు.
వంతెన పక్కన, నెత్తిన పుస్తకాల సంచితో అది,
లేటుగా వచ్చిన బస్సుని ఆపుతున్నట్టు
నాకు చెయ్యెత్తింది.

తిరిగొచ్చేసరికి కరెంటు లేదు.
ఓబేదు చీకట్లో కూర్చుని
ఆపా వేసిన పకోడీలు తింటున్నాడు.
"ఏడ్చావారా?" అంది అక్క.
"ఎందుకూ? నాన్న నీకోసమేగా పోయిండు."

ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర
అదే పేజీ తీసింది.
బండి ర దగ్గర ఆగలేదు.
నేనే ఆగాను.